ల్యాబ్ నుంచి లైఫ్ సైన్సెస్ సేల్స్‌లోకి: పరిశోధకుల కోసం సమగ్ర మార్గదర్శి

పీహెచ్‌డీ ఐదో ఏట పడ్డాకో, పోస్ట్‌డాక్ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారో లేదో తేలనప్పుడో చాలామందికి సేల్స్ గుర్తొస్తుంది. అన్ని తలుపులూ మూసుకున్నాక మిగిలిన దారిగా దీన్ని ఎంచుకున్నవాళ్లను ఇంటర్వ్యూలో పది నిమిషాల్లో పసిగట్టేస్తారు. ఈ పనికి ముఖ్యంగా రెండు విషయాలు తెలియాలి. ప్రయోగం ఎక్కడ ఆగిపోతుందో తెలియాలి, ఆ ల్యాబ్‌లోకి డబ్బు ఎలా వచ్చి ఎలా పోతుందో తెలియాలి. మొదటిది మీకు ఇప్పటికే వచ్చు. రెండోది ల్యాబ్ వదలకముందే నేర్చుకోవచ్చు, పైగా దాన్ని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. అందుకే ఈ వ్యాసంలో సగం బరువు దానిమీదే పెట్టాం.

1. ఏ సేల్సో ముందు తేల్చుకోండి

ఇంట్లో "సేల్స్" అనగానే డాక్టరు గది బయట బ్యాగుతో వేచి ఉండే మెడికల్ రెప్ గుర్తొస్తాడు. అది గౌరవమైన పనే, కానీ వేరే వృత్తి. మనం మాట్లాడుతున్నది పరిశోధనశాలలకు, ఫార్మా, బయోటెక్ కంపెనీలకు, ఆసుపత్రి ల్యాబ్‌లకు పరికరాలు, రియేజెంట్లు (ప్రయోగాలకు వాడే రసాయనాలు), సేవలు అమ్మే పని గురించి. థర్మో ఫిషర్, మెర్క్, సైటివా, సార్టోరియస్, అజిలెంట్, వాటర్స్, బయో-రాడ్, కియాజెన్, ప్రొమెగా, ఎపెన్‌డార్ఫ్, ఇల్యుమినా లాంటి విదేశీ కంపెనీలు, హైమీడియా లాంటి దేశీయ కంపెనీలు, వీటి సరుకు తీసుకుని అమ్మే స్థానిక డీలర్లు ఈ రంగంలో ఉంటారు.

ఈ రంగం లోపల కూడా పని ఒకేలా ఉండదు. రియేజెంట్లు, యాంటీబాడీలు, ప్లాస్టిక్ సామాను అమ్మేవాళ్లకు ఆర్డర్లు చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. రోజుకు నాలుగైదు ల్యాబ్‌లు తిరగాలి, అదే ల్యాబ్‌కు మళ్లీ మళ్లీ వెళ్లాలి. పెద్ద పరికరాలు అమ్మేవాళ్లకు ఏడాదికి పది పన్నెండు ఆర్డర్లు వస్తే గొప్ప, కానీ ఒక్కో ఆర్డరు వెనక ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా తిరగాల్సి ఉంటుంది. బయోప్రాసెస్ విభాగంలో సింగిల్ యూజ్ బ్యాగులు, ఫిల్టర్లు, క్రొమటోగ్రఫీ రెజిన్లు అమ్ముతారు. అక్కడ కొనేది ప్రొఫెసరు కాదు, వ్యాక్సిన్ లేదా బయోసిమిలర్ తయారుచేసే ప్లాంటు. ఒకసారి ఒక రెజిన్‌తో ప్రక్రియ ఖరారై నియంత్రణ సంస్థకు సమర్పించాక దాన్ని మార్చడం కష్టం, కాబట్టి గెలిచిన ఆర్డరు ఏళ్ల తరబడి నిలుస్తుంది. డయాగ్నస్టిక్స్‌లో పరికరాన్ని ఉచితంగానో నామమాత్రపు ధరకో పెట్టి, టెస్టుకింత చొప్పున రియేజెంట్ల మీద రాబట్టుకునే పద్ధతి ఎక్కువ. ఇక ఇతర కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే సీఆర్‌ఓ, మందులు అభివృద్ధి చేసి తయారుచేసిపెట్టే సీడీఎంఓ కంపెనీలలో బిజినెస్ డెవలప్‌మెంట్ అంటే అమ్మేది సేవ. కొనేవాళ్లు ఎక్కువగా అమెరికా, యూరప్‌లలో ఉంటారు, కాబట్టి సాయంత్రం కాల్స్ తప్పవు.

హోదాల విషయానికొస్తే, పీహెచ్‌డీ చేసినవాళ్లు ఎక్కువగా అప్లికేషన్ స్పెషలిస్ట్‌గా మొదలుపెడతారు. డెమో చేయడం, ఇన్‌స్టలేషన్ తర్వాత శిక్షణ ఇవ్వడం, ఫిర్యాదు వస్తే ప్రోటోకాల్ సరిదిద్దడం వాళ్ల పని. టార్గెట్ నేరుగా ఉండదు, ఉన్నా జట్టు టార్గెట్‌లో భాగమే. ప్రొడక్ట్ లేదా సేల్స్ స్పెషలిస్ట్‌కు ఒక టెక్నాలజీ, దానికొక టార్గెట్ ఉంటాయి. అకౌంట్ మేనేజర్‌కు ఒక ప్రాంతంలోని సంస్థలన్నీ, కంపెనీ వస్తువులన్నీ అప్పగిస్తారు. ఇన్‌సైడ్ సేల్స్‌ది ఫోను, ఈమెయిల్ మీద నడిచే పని. ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేసినవాళ్లకు అది మంచి మెట్టు.

మా సలహా సూటిగా చెబుతాం. బెంచ్ మీద పని అంటే ఇంకా ఇష్టముండి, ల్యాబ్ జీవితంలోని అనిశ్చితి మాత్రమే నచ్చకపోతే అప్లికేషన్ వైపు వెళ్లండి. రోజంతా మనుషులతో మాట్లాడినా అలసిపోనివాళ్లయితే నేరుగా సేల్స్‌కే వెళ్లండి. అప్లికేషన్‌లో మూడు నాలుగేళ్లు ఉండి తర్వాత మారుదామనుకుంటే జీతం పెరిగినా టార్గెట్ అనుభవం ఉండదు. అప్పుడు జూనియర్ సేల్స్ హోదాకు దిగి రావడానికి మనసొప్పదు.

2. మీ ల్యాబ్‌లోనే డబ్బు దారి చదవండి

మీ పీఐ (ల్యాబ్‌ను నడిపే శాస్త్రవేత్త) అనుమతి తీసుకుని, గత రెండేళ్లలో జరిగిన మూడు కొనుగోళ్ల ఫైళ్లు చూడండి. ఒకటి కొన్ని వేల రూపాయల కిట్, రెండోది ఐదు నుంచి పది లక్షల పరికరం, మూడోది విభాగం మొత్తానికి కొన్న పెద్ద యంత్రం. ఒక్కో ఫైలులో ఏ కాగితం ఏ తేదీన కదిలిందో వరసగా రాసుకోండి. ఇండెంట్ (కొనమని కోరే పత్రం) తేదీకి, పర్చేజ్ ఆర్డర్ తేదీకి, బిల్లు చెల్లింపు తేదీకి మధ్య ఎన్ని రోజులు పట్టిందో చూస్తే సేల్స్‌లో ఏళ్లున్నవాళ్లు చెప్పే సగం విషయాలు మీకు అర్థమైపోతాయి.

కేంద్ర నిధులతో నడిచే సంస్థల్లో, అంటే సీసీఎంబీ, ఐఐసీటీ, సీడీఎఫ్‌డీ, ఎన్‌ఐఎన్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరుపతి ఐసర్ లాంటి చోట్ల, ప్రయాణం స్థూలంగా ఇలా ఉంటుంది.

మొదట అవసరం, బడ్జెట్ హెడ్. ప్రాజెక్టు గ్రాంటులో పరికరాల డబ్బు వేరు, కన్జ్యూమబుల్స్ డబ్బు వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాలంటే నిధులిచ్చిన సంస్థ అనుమతి కావాలి. అందుకే "సార్, బడ్జెట్ ఉందా?" అన్న ప్రశ్నకు "ఉంది" అన్న జవాబు వచ్చినా సరిపోదు. ఏ ప్రాజెక్టులో, ఏ హెడ్‌లో, ఎప్పటిలోగా ఖర్చు పెట్టాలి అన్న మూడూ తెలిస్తేనే అది నిజమైన అవకాశం.

తర్వాత స్పెసిఫికేషన్లు. పోటీ ఎక్కువగా తేలేది ఇక్కడే. టెండరు బయటికి వచ్చాక పరుగెత్తే సేల్స్ మనిషి చాలాసార్లు ఆలస్యమైనట్టే. స్పెక్స్ రాసే ముందు ఆ ల్యాబ్‌కు వెళ్లి, వాళ్ల నమూనాలతో డెమో చేసి, ఏ ప్రమాణం వాళ్ల ప్రయోగానికి నిజంగా అవసరమో డేటాతో చూపినవాళ్ల మాట అందులో ప్రతిఫలిస్తుంది. ఒక్క కంపెనీకే సరిపోయేలా అర్థంలేని అంకెలు ఇరికిస్తే మాత్రం బిడ్లు వేయడానికి ముందు జరిగే ప్రీ-బిడ్ మీటింగులో పోటీ కంపెనీలు అభ్యంతరం లేవనెత్తుతాయి, టెండరు రద్దవుతుంది, గ్రాంటు గడువు దాటిపోతుంది. ఆ ప్రొఫెసరు మీ కంపెనీని ఎన్నటికీ మరచిపోరు.

మూడోది కొనే పద్ధతి. ఇది విలువను బట్టి మారుతుంది. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 దీనికి ఆధారం. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర సంస్థలకు పరిమితులు పెంచింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి 1 లక్ష నుంచి 2 లక్షలైంది. పర్చేజ్ కమిటీ ద్వారా కొనేది 10 లక్షల దాకా ఉండేది, ఇప్పుడు 2 నుంచి 25 లక్షలు. ఎంపిక చేసిన కొద్దిమంది సరఫరాదారులనే పిలిచే లిమిటెడ్ టెండరు పరిమితి 50 లక్షల నుంచి కోటికి చేరింది. ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ అయిన జెమ్‌లో దొరికేవి అక్కడే కొనాలన్నది మామూలు నియమం. ప్రత్యేకమైన శాస్త్ర పరికరాలను బయట కొనడానికి డైరెక్టర్లకు, వైస్ చాన్సలర్లకు అధికారం ఇచ్చారు. ఈ అంకెలు నోటికి వచ్చి ఉంటే కొటేషను ఎలా తయారు చేయాలో మీకే తెలుస్తుంది. అయితే పరిమితి లోపల పడేలా ఒక ఆర్డరును ముక్కలు చేయమని ఎప్పుడూ సూచించకండి. ఆడిట్‌లో మొదట పట్టుబడేది అదే, ఇరుక్కునేది మీ కస్టమరు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సొంత నియమాలుంటాయి. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో అడుగుపెట్టేటప్పుడు ఈ పరిమితులే వర్తిస్తాయని అనుకోకుండా అక్కడి పర్చేజ్ సెక్షన్‌ను అడగండి.

ఆ వస్తువు ఒకే తయారీదారు దగ్గర దొరుకుతుందనీ ఇంకేదీ పనికిరాదనీ శాస్త్రవేత్త ధ్రువీకరించే పీఏసీ పద్ధతి కూడా ఉంది. పాత పరికరానికి సరిపోయే విడిభాగాలకు ఇది సహజం. కొత్త పరికరానికి వాడితే ప్రశ్నలు వస్తాయి.

పెద్ద టెండర్లలో టెక్నికల్ బిడ్ ఒకటి, ప్రైస్ బిడ్ ఒకటి. టెక్నికల్‌గా నెగ్గినవాళ్ల ధరలే తెరుస్తారు, వాళ్లలో తక్కువ ధర చెప్పిన ఎల్1కి ఆర్డరు. ఇక్కడ ఓడిపోయేది ఎక్కువగా మంచి పరికరం లేక కాదు, ఒక కాగితం తగ్గి. తయారీదారు ఇచ్చే ఆథరైజేషన్ లెటర్ పాతది కావడం, కంప్లయన్స్ స్టేట్‌మెంట్‌లో ఒక అడ్డువరస ఖాళీగా వదలడం, వాడుతున్నవారి జాబితాలో కొనుగోలు ఆర్డరు కాపీలు జతచేయకపోవడం, దేశీయ తయారీకి ప్రాధాన్యమిచ్చే మేకిన్ ఇండియా నియమం కింద ఇచ్చే ప్రకటనలో స్థానిక వాటా శాతం రాయకపోవడం ఇలాంటివే. స్థానిక వాటా 50 శాతం, ఆపైన ఉంటే క్లాస్-1 సరఫరాదారు. 20 నుంచి 50 లోపు అయితే క్లాస్-2. దిగుమతి పరికరాలమ్మే కంపెనీలో చేరబోతుంటే ఈ నియమం మీ టార్గెట్‌ను నేరుగా తాకుతుందని గుర్తుంచుకోండి.

చివరగా సరఫరా, ఇన్‌స్టలేషన్, చెల్లింపు. దిగుమతి పరికరాలకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ) తెరవడం, కస్టమ్స్ నుంచి విడిపించడం, ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద శాస్త్రవేత్త సంతకం, ఆ తర్వాత మిగిలిన మొత్తం. ఈ సంతకం ఆలస్యమైతే డబ్బు ఆగిపోతుంది.

ఫార్మా కంపెనీల లోకం వేరు. జీనోమ్ వ్యాలీ, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ ఫార్మా సిటీల్లో మీరు కలిసే క్యూసీ (నాణ్యత పరీక్షల) మేనేజరు ముందుగా యూఆర్‌ఎస్ అనే అవసరాల పత్రం ఇస్తారు. ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే రికార్డు) ఉందా, సాఫ్ట్‌వేరు ఎలక్ట్రానిక్ రికార్డులపై అమెరికా నిబంధన అయిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11కు అనుగుణంగా ఉందా, ఇన్‌స్టలేషన్, పనిచేసే తీరు, ఫలితాలు సరిగా ఉన్నాయని ధ్రువీకరించే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పత్రాలకు ఎంత వసూలు చేస్తారు, పరికరం పాడైతే ఇంజినీరు ఎన్ని గంటల్లో వస్తాడు అని అడుగుతారు. యూనివర్సిటీ ల్యాబ్‌లో సున్నితత్వం గురించి మాట్లాడి మెప్పించిన మనిషి ఇక్కడ సర్వీస్ గురించి జవాబు చెప్పలేక తడబడతాడు. సాంకేతికంగా అందరూ సరేనన్నాక చివరి బేరం పర్చేజ్ విభాగంతో జరుగుతుంది. వాళ్లకు మీ గ్రాఫులతో పనిలేదు.

ఈ నేర్పును రెజ్యూమెలో పెట్టుకోగలిగే రూపంలోకి తేవాలంటే ల్యాబ్‌లో ఉన్న చివరి ఏడాదిలో మూడు పనులు మీ మీద వేసుకోండి. ఇండెంట్లు, కొటేషన్ల పోలిక పట్టిక మీరు తయారుచేయండి. ఏదైనా పరికరానికి ఇన్‌చార్జిగా ఉండి శిక్షణ, బుకింగ్, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) వ్యవహారాలు చూడండి. డెమోకు వచ్చిన కంపెనీవాళ్లతో రోజంతా ఉండి వాళ్లేం అడుగుతున్నారో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో గమనించండి.

3. రెజ్యూమె

రెండు పేజీలు దాటకూడదు. ప్రచురణలకు ఒక్క వరస చాలు, ఎన్ని పేపర్లు, మొదటి రచయితగా ఎన్ని అన్నంత వరకే. థీసిస్ శీర్షిక ఒక్కసారి రాస్తే చాలు.

"వెస్టర్న్ బ్లాట్, క్యూపీసీఆర్, ఫ్లో సైటోమెట్రీ, కన్‌ఫోకల్ తెలుసు" అన్న వరస అందరి రెజ్యూమెలోనూ ఉంటుంది. దాని బదులు ఇలా రాయండి: "విభాగపు ఫ్లో సైటోమీటర్‌కు మూడేళ్లు ఇన్‌చార్జి. తొమ్మిది ల్యాబ్‌ల నుంచి వచ్చిన 40 మందికి శిక్షణ. కొత్త సైటోమీటర్ కొనుగోలులో రెండు కంపెనీల డెమోలు నిర్వహించి, పోలిక నివేదిక రాసి టెక్నికల్ కమిటీకి అందజేశాను." ఇందులో వాడుకదారులు, శిక్షణ, పోలిక, కొనుగోలు అన్నీ ఉన్నాయి. అంకెలు మీవి, నిజమైనవి అయి ఉండాలి. రెండో ప్రశ్నలోనే తేలిపోతాయి.

పైన మూడు వరసల సారాంశంలో మీకు ఏ ప్రాంతంలో, ఏ సంస్థల్లో పరిచయాలున్నాయో రాయండి. డ్రైవింగ్ లైసెన్స్, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మాట్లాడగలగడం, ప్రయాణానికి సిద్ధమని రాయడం పీహెచ్‌డీ చేసినవాళ్లకు చిన్నతనంగా అనిపించవచ్చు. కానీ హైదరాబాద్ నుంచి విశాఖ, తిరుపతి, గుంటూరు తిరగాల్సిన ఉద్యోగానికి మనిషిని వెతుకుతున్న మేనేజరు మొదట చూసేది అవే. తెలుగు బలం ప్రత్యేకంగా పనికొచ్చేది స్టోర్స్, అకౌంట్స్ సెక్షన్లలో. ఫైలు ఎక్కడ ఆగిందో మీకు చెప్పేది అక్కడివాళ్లే.

4. ఎక్కడ వెతకాలి

వెబ్‌సైట్లలో దరఖాస్తు పెట్టి ఊరుకుంటే జవాబు రావడం అరుదు. మీ ల్యాబ్‌కు వచ్చే సేల్స్ మనుషులే మీకు మొదటి ద్వారం. ఏ కంపెనీలో ఎవరు మానేశారో, ఏ ప్రాంతం ఖాళీగా ఉందో ప్రకటన రాకముందే వాళ్లకు తెలుస్తుంది. చాలా కంపెనీలు తమ ఉద్యోగి సిఫారసు చేసిన అభ్యర్థి చేరితే ఆ ఉద్యోగికి కొంత మొత్తం ఇస్తాయి కాబట్టి వాళ్లకూ ఆసక్తి ఉంటుంది. ఒకరితో ఒక రోజు ఫీల్డుకు వెళ్లగలిగితే వెళ్లండి. తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వరసలో ఎన్‌ఐఎన్, ఐఐసీటీ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ దగ్గరదగ్గరగా ఉంటాయి. అటు గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ, ఎన్‌ఐఏబీ, టీఐఎఫ్‌ఆర్. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. ఒకే రోజు ఈ మూడు దిక్కులా అపాయింట్‌మెంట్లు పెట్టుకుంటే సగం రోజు రోడ్డు మీదే పోతుంది.

డీలర్ దగ్గర మొదలుపెట్టడాన్ని తక్కువగా చూడకండి. జీతం తక్కువ, శిక్షణ వ్యవస్థ అంతంతమాత్రం, నిజమే. కానీ అక్కడ ఒక్క ఏడాదిలో కొటేషన్, టెండర్, జెమ్, వసూళ్లు, కోల్డ్ చెయిన్ అన్నీ చేతులతో చేస్తారు. పెద్ద కంపెనీలో వాటికి విడివిడిగా విభాగాలుంటాయి. డీలర్ దగ్గర ఏడాదిన్నర చేసి పెద్ద కంపెనీకి మారడం ఈ రంగంలో బాగా నలిగిన బాట. చేరేముందు ఒక్కటి కనుక్కోండి, ఆ డీలర్ తయారీదారులకు డబ్బు సమయానికి కడుతున్నాడా అని. కట్టకపోతే సరుకు ఆగిపోతుంది, కస్టమర్ల కోపం మీమీద పడుతుంది.

5. ఇంటర్వ్యూ

సాధారణంగా మూడు దశలు ఉంటాయి: హెచ్‌ఆర్ ఫోను, సేల్స్ మేనేజరు, ఆ తర్వాత ప్రెజెంటేషన్ లేదా రోల్ ప్లే. "పరిశోధన ఎందుకు మానేస్తున్నారు?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. గైడ్ గురించి ఫిర్యాదు వద్దు, ఫెలోషిప్ అయిపోయిందన్న జవాబూ వద్దు. ల్యాబ్‌లో మీరు ఏ పనిచేస్తున్నప్పుడు బాగా ఉత్సాహంగా ఉన్నారో చెప్పండి, ఆ పని ఈ ఉద్యోగంలో ఎక్కడ ఉందో చెప్పండి.

రోల్ ప్లేలో పీహెచ్‌డీ వాళ్లు పడే గొయ్యి ఒకటే. మేనేజరు ప్రొఫెసరుగా కూర్చుని "మీ క్యూపీసీఆర్ మిక్స్ గురించి చెప్పండి" అనగానే ఎంజైము నిర్మాణం నుంచి మొదలుపెట్టి పన్నెండు నిమిషాలు చెబుతారు. అడిగినదానికి పూర్తిగా, ఖచ్చితంగా జవాబు చెప్పాలన్న ల్యాబ్ మీటింగ్ అలవాటు అది. సేల్స్‌లో మొదట మీరు అడగాలి. ఇలా నడవాలి:

"మేడమ్, ఇప్పుడు ఏ మిక్స్ వాడుతున్నారు? దానితో ఇబ్బంది ఏమైనా ఉందా?"

"ఇబ్బందేం లేదు. బాగానే ఉంది. రేటే ఎక్కువ."

"నెలకు ఎన్ని ప్లేట్లు వేస్తారు?"

"ఇరవై దాకా అవుతాయి. 96 వెల్స్."

"రియాక్షన్ వాల్యూమ్ 20 మైక్రోలీటర్లేనా మేడమ్?"

"అవును."

"10కి తగ్గించి ఎప్పుడైనా చూశారా?"

"లేదు. స్కాలర్లు పిపెటింగ్‌లో తేడాలు తెస్తారని భయం."

ఇప్పుడు లెక్క చూడండి. 20 ప్లేట్లంటే 1,920 రియాక్షన్లు. 2ఎక్స్ (రెట్టింపు గాఢత గల) మిక్స్ ఒక్కోదానికి 10 మైక్రోలీటర్లు, అంటే నెలకు 19.2 మిల్లీలీటర్లు. వాల్యూమ్ సగం చేస్తే 9.6 చాలు. ప్రొఫెసరు "రేటు" అన్న సమస్యకు డిస్కౌంటు కన్నా పెద్ద జవాబు ఇందులో ఉంది. పిపెటింగ్ భయాన్ని మీరు స్వయంగా వచ్చి రెండు వాల్యూములూ పక్కపక్కన ట్రిప్లికేట్లలో వేసి తీర్చవచ్చు. అమ్మే పరిమాణం తగ్గుతుంది కదా అని మేనేజరు అడిగితే జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఇప్పటిదాకా ఆ ల్యాబ్‌లో మీ వాటా సున్నా, ఇకనుంచి నెలకు 9.6 మిల్లీలీటర్లు. ఈ లెక్క ఇంటర్వ్యూలో కాగితం మీద వేసి చూపినవాళ్లు గుర్తుండిపోతారు. చివర్లో "ఎల్లుండి ఉదయం శాంపిల్‌తో రానా మేడమ్? ఏ ప్రైమర్లతో చేద్దాం?" అని తదుపరి అడుగు అడగడం మరచిపోవద్దు. అడగకుండా లేచారంటే రోల్ ప్లేలో మార్కులు పోయినట్టే.

మొదటి 90 రోజుల ప్రణాళిక కూడా రాసి తీసుకెళ్లండి. ఒక పేజీ చాలు. ఏ సంస్థలు, ఒక్కో చోట ఎవరెవరు, ఏ పరికరాలు పాతబడ్డాయి, ఎవరికి కొత్త గ్రాంటు వచ్చింది. గ్రాంట్ల వివరాలు సంస్థల వెబ్‌సైట్లలో, వార్షిక నివేదికల్లో దొరుకుతాయి.

6. జీతం కాగితం చదవడం

ఉదాహరణకు సీటీసీ (కంపెనీ మీమీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 9 లక్షలు, అందులో 20 శాతం వేరియబుల్ (టార్గెట్‌ను బట్టి వచ్చే భాగం) అనుకుందాం. 1.8 లక్షలు పక్కకుపోతే ఫిక్స్‌డ్ 7.2 లక్షలు. అందులో సగం బేసిక్ అయితే, అంటే 3.6 లక్షలు, కంపెనీ వాటా పీఎఫ్ 43,200, గ్రాట్యుటీ సుమారు 17,300 ఆ 7.2 లోనుంచే తీస్తారు. మీ వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోను నెలకు చేతికి వచ్చేది సుమారు 51 వేలు. 2023 జనవరి నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 42,000, హాస్టల్లో లేనివాళ్లకు హెచ్‌ఆర్‌ఏ కలిపి హైదరాబాద్‌లో 50 వేలు దాటుతుంది. అంటే 9 లక్షల సీటీసీ మొదటి ఏడాది మీ ఫెలోషిప్ కంటే పెద్ద మొత్తమేమీ కాదు. ఇది తెలియక చేరి నిరాశపడతారు.

అందుకే సంతకం పెట్టే ముందు ఇవి అడగండి. వేరియబుల్ మూడు నెలలకోసారా, ఏడాదికోసారా? టార్గెట్ ఎంత శాతం దాటితే మొదలవుతుంది? 79 శాతం చేస్తే సున్నానా? నూరు దాటితే రేటు పెరుగుతుందా? లెక్క ఆర్డరు వచ్చినప్పుడా, బిల్లు అయినప్పుడా, ఇన్‌స్టలేషన్ అయ్యాకా? ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద పరికరాల్లో ఆర్డరుకు, ఇన్‌స్టలేషన్‌కు మధ్య ఆరు నెలలు దూరం ఉండవచ్చు. మొదటి ఆరు నెలలు టార్గెట్ లేకుండా వేరియబుల్ హామీగా ఇస్తారా అని కూడా అడగండి, కొత్తవాళ్లకు కొన్ని కంపెనీలు ఇస్తాయి. కారు లేదా బైకు ఖర్చు కిలోమీటరుకు ఎంత, హోటల్ పరిమితి ఎంత, ఖర్చులు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవీ చిన్న విషయాలు కావు, నెలకు మీ జేబు నుంచి వెళ్లే సొమ్ము అది.

7. చేరాక: టార్గెట్ లెక్క

ఏడాది టార్గెట్ 2 కోట్లు, సగటు పరికరం 20 లక్షలు అనుకోండి. పది ఆర్డర్లు కావాలి. మూడింట ఒకటి గెలుస్తారనుకుంటే ముప్పై నిజమైన అవకాశాలు చేతిలో ఉండాలి. ఒక్కోదానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది కాబట్టి ఆ ముప్పైలో ఎక్కువ భాగం ఏడాది మొదటి సగంలోనే పుట్టాలి. కస్టమర్ల వివరాలు నమోదుచేసే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేరులో ప్రతి అవకాశానికి నాలుగు జవాబులు రాయండి: డబ్బు ఏ హెడ్‌లో, సంతకం ఎవరిది, పోటీ ఎవరు, తదుపరి అడుగు ఏ తేదీన. ఏదైనా ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని ఫోర్‌కాస్ట్‌లో వేయకండి. "ప్రొఫెసర్ గారికి బాగా నచ్చింది" అన్నది వీటిలో దేనికీ జవాబు కాదు.

ప్రభుత్వ సంస్థల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. ఖర్చు చూపని గ్రాంటు డబ్బు వెనక్కి పోయే పరిస్థితి చాలా ప్రాజెక్టుల్లో ఉంటుంది కాబట్టి జనవరి నుంచి హడావుడి. కానీ పర్చేజ్ సెక్షన్లు మార్చి చివరి వారంలో కొత్త ఫైళ్లు తీసుకోవు. పెద్ద పరికరం మార్చిలోగా కావాలంటే స్పెక్స్ ఆగస్టు, సెప్టెంబరుల్లో కదలాలి. మీ కంపెనీ ఏడాది జనవరి నుంచి డిసెంబరు అయితే ఈ రెండు క్యాలెండర్ల మధ్య ఇరుకున పడతారు. అది మీ మేనేజరుకు తెలుసు, అయినా డిసెంబరులో ఆర్డరు అడుగుతారు.

8. పాడయ్యేది ఎక్కడ

ఆర్డరు గెలిచాక నష్టపోయేది ఎక్కువగా గది వల్ల. ఎల్‌సీ-ఎంఎస్ (నమూనాలోని పదార్థాలను వేరుచేసి గుర్తించే యంత్రం) వచ్చి పెట్టెలోనే ఉంటుంది, ఎందుకంటే నైట్రోజన్ జనరేటరు గురించి ఎవరూ ఆలోచించలేదు, ఎగ్జాస్ట్ గొట్టానికి గోడకు రంధ్రం కొట్టాలంటే ఇంజినీరింగ్ విభాగం అనుమతి రాలేదు. మైనస్ 80 ఫ్రీజర్‌ను గాలి ఆడని వరండా మూలలో గోడకు ఆనించి పెడతారు, మే నెలలో కంప్రెసర్ పోతుంది. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజి చాలా సున్నిత పరికరాలకు రెండు మూడు వోల్టులు మించకూడదంటారు. పాత భవనాల్లో మల్టీమీటరు పెట్టి చూస్తే అంతకు చాలా ఎక్కువ ఉంటుంది. ఆర్డరు రాకముందే సర్వీస్ ఇంజినీరును వెంటబెట్టుకెళ్లి కరెంటు, ఏసీ, యూపీఎస్, లిఫ్టు వెడల్పు, తలుపు కొలతలు చూసి, ఫోటోలతో సహా ఈమెయిల్ పంపండి. తలుపు కొలత నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, తలుపు గుండా పట్టని బయోసేఫ్టీ క్యాబినెట్లు నిజంగా ఉంటాయి.

రియేజెంట్లలో పాడయ్యేది శనివారం. శుక్రవారం పంపిన డ్రై ఐస్ పెట్టె సంస్థకు శనివారం చేరుతుంది, స్టోర్స్ మూసి ఉంటుంది, సోమవారానికి ఐస్ ఉండదు. సోమ, మంగళవారాల్లోనే పంపించే ఏర్పాటు మీరే చూసుకోండి.

యాంటీబాడీ పనిచేయలేదని ఫోను వస్తే వాదించకండి. మీరు స్వయంగా వెస్టర్న్‌లు చేసినవారు కనుక "బ్లాకింగ్ దేనితో చేశారు, లైసేట్ ఎంత వేశారు, పాజిటివ్ కంట్రోల్ ఉందా" అని అడగడం మీకు సహజం. స్కాలరుదే తప్పని ప్రొఫెసరు ముందు మాత్రం అనకండి. బ్లాట్ బొమ్మ, లాట్ నంబరు తీసుకుని మరుసటి రోజు స్కాలరుతో విడిగా కూర్చోండి. ఆ స్కాలరే నాలుగేళ్లలో ఇంకో సంస్థలో కొనేవారవుతారు.

ధర విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు మొదటి కొటేషన్‌లోనే గరిష్ఠ డిస్కౌంటు రాసేయడం. పర్చేజ్ విభాగం ఎలాగూ ఇంకా తగ్గించమంటుంది, అప్పుడు మీ దగ్గర ఇచ్చేందుకేమీ ఉండదు. అదనపు వారంటీ, శిక్షణ, మొదటి ఏడాది కన్జ్యూమబుల్స్ లాంటివి చేతిలో ఉంచుకోండి. అలాగే ఒక సంస్థకు ఇచ్చిన ధర పక్క సంస్థకు తెలుస్తుంది, కొత్త ఫైలులో పాత పర్చేజ్ ఆర్డరు కాపీ పెట్టి అదే ధర అడుగుతారు.

లంచం గురించి మొహమాటం లేకుండా చెబుతాం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇచ్చినవాళ్లూ నేరస్థులే, వాళ్ల కంపెనీ కూడా బాధ్యురాలే. విమానం టికెట్లు, ఖరీదైన ఫోన్లు, "కాన్ఫరెన్సు స్పాన్సర్‌షిప్" పేరుతో జరిగేవి మీ పేరుమీద ఒక్కసారి జరిగితే ఈ చిన్న రంగంలో చెరగదు. ఎవరైనా సూచిస్తే మర్యాదగా "మా కంపెనీ పాలసీ ఒప్పుకోదు సార్" అని, ఆ రోజే మేనేజరుకు ఈమెయిల్ రాయండి. ఆ ఆర్డరు పోవచ్చు. పోనివ్వండి.

9. ల్యాబ్ వదిలేటప్పుడు

థీసిస్ సమర్పించకుండా చేరకండి. ఫీల్డు ఉద్యోగంలో సాయంత్రాలు రాసుకుందామనుకున్నవాళ్లు ఏళ్లపాటు లాగుతారు. చేరే తేదీ రెండు నెలలు వాయిదా వేయమని అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, ఎందుకంటే నోటీస్ పీరియడ్‌లో ఉన్న అభ్యర్థుల కోసం ఎలాగూ అంతే వేచి ఉంటాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఫెలోషిప్ కాలానికి సంబంధించిన అనుభవ పత్రం, నో డ్యూస్ ముందే తీసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఇవి అడుగుతారు.

మీ పాత ల్యాబ్ రేపు మీ కస్టమరు. అక్కడి ప్రచురించని డేటాను పక్క ల్యాబ్‌లో డెమో కబుర్లలో వాడకండి. పోటీ కంపెనీలు మీ ల్యాబ్‌కు ఇచ్చిన కొటేషన్లు మీ ఈమెయిల్లో ఉంటే కొత్త కంపెనీకి తీసుకెళ్లకండి. మీరు పోలిక నివేదిక రాసిన లేదా టెక్నికల్ కమిటీకి సాయం చేసిన కొనుగోలు ఇంకా నడుస్తుంటే, ఆ సంగతి మొదటి వారమే కొత్త మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పి, ఆ ఫైలు ముగిసేదాకా ఇంకొకరికి అప్పగించమనండి.